క్యామ్‌షాఫ్టు బుష్షుల సంగతి

బొగ్గు బండ్ల రాకపోకలతో రాత్రింబవళ్లు నిద్ర యెరుగని బిలాసపురమున, బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి కొలువులకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు నేటికిని కలవు. తాతలు ఆవిరి ఇంజనులతోను, తండ్రులు డీజిలు ఇంజనులతోను బ్రతుకు గడపిన యిండ్లలో యంత్రచర్చ వింత గాదు. అయినను, వాకిట మిగిలియున్న పాత అంబాసిడరు ఇంజనును విప్పించి మరల కట్టించు వేళ, క్రాంకు బేరింగులను గురించి పది ప్రశ్నలడుగు యజమాని క్యామ్‌షాఫ్టు బుష్షులను గురించి యొక్కటియు నడుగడు. ఈ యుపేక్ష నాకు సమంజసముగా తోచదు.

సిలిండరులోనికి గాలిని రానిచ్చి పొగను వెడలనిచ్చు వాల్వులను సకాలమున తెరపించు కడ్డీయే క్యామ్‌షాఫ్టు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరుగునప్పటికి ఇది యొక్క చుట్టు మాత్రమే తిరుగును. వారణాసి కర్మాగారమున 1964 నుండి తయారైన డబ్ల్యూడీఎమ్-2 రైలు ఇంజనులో, రెండు వరుసలుగా నిలిచిన 16 సిలిండర్లకు వరుసకొకటి చొప్పున రెండు క్యామ్‌షాఫ్టులుండగా, అంబాసిడరు కారు 1489 సీసీ పెట్రోలు ఇంజనులో ఒక్కటే, మూడు బుష్షులలో తిరుగును. ఆ బుష్షు ఉక్కుతో చేసిన పొట్టి గొట్టము. దాని లోపలివైపున తెల్లలోహపు పలుచని పూత యుండును. తగరములో ఆంటిమొనీని, రాగిని కలిపిన యీ జాతి మిశ్రలోహమును 1839లో అమెరికా దేశపు స్వర్ణకారుడైన ఐజాక్ బాబిట్ రూపొందించెను. నూనెతో కొట్టుకొనివచ్చిన సన్నని రేణువును తనలో నిముడ్చుకొని, షాఫ్టుపై గీత పడకుండ కాపాడుట దీని సుగుణము.

మెల్లగా తిరుగునది మెల్లగా నరుగును గనుక, "ఇవి యింకను పనికివచ్చును" అని మిస్త్రీ వానిని పాతవిగానే యుంచును. కాని నూనె పంపు త్రోసిన నూనె ఈ బుష్షులకును పంచబడవలసియున్నది. సందు పెరిగినచో అది యిచ్చటనే జారిపోయి, ఇంజను వేడెక్కి నెమ్మదిగా తిరుగునపుడు ప్రెషరు ముల్లు క్రిందికి వ్రాలును. నేరము పంపుపై మోపబడును. క్రొత్త పంపు వచ్చును. ముల్లు మాత్రము లేవదు.

ఇక బుష్షుల ఎన్నిక. షాఫ్టును ముందువైపునుండి లోనికి జొనుపుటకు వీలుగా, అంబాసిడరు ఇంజనులో జర్నళ్ల, అనగా బుష్షులలో తిరుగు షాఫ్టు భాగముల, వ్యాసములు వెనుకకు పోను పోను తగ్గును: సుమారు 1.79, 1.73, 1.62 అంగుళములు. కావున ఒకదాని బుష్షు మరియొకదానికి పనికిరాదు. షాఫ్టుకు బుష్షుకు నడుమ నుండవలసిన సందు అంగుళములో వేయింట ఒకటి రెండు వంతులు, అనగా 0.025 మొదలు 0.05 మిల్లీమీటరు వరకు మాత్రమే. డబ్బాపై నచ్చువేసిన అంకెను నమ్ముటకన్న జర్నలును మైక్రోమీటరుతో కొలిచి చూచుట మేలు. అరిగిన జర్నలును గ్రైండు చేయించినచో లోపలి వ్యాసము తక్కువగల బుష్షులే కావలెను. బిగువైన వాల్వు స్ప్రింగులుగల పందెపు కార్లకై తయారగు గట్టి లోహపు బుష్షులను, ధర యెక్కువ గనుక మంచివై యుండునని సామాన్యమైన కారుకు వేయించుట నా మతమున వృథావ్యయము.

అమర్చుటయందే అసలైన నేర్పు కలదు. పాత బుష్షులను తీసి, బ్లాకులోని నూనె కాలువలను బ్రష్షుతో తోమి కడిగి, బోరు అంచులనున్న గరుకును నునుపు చేసిన పిమ్మట, మెట్లుగా కోసిన మాండ్రెలు అను కడ్డీపై క్రొత్త బుష్షును తొడిగి, పొడవైన బోల్టుతో నిదానముగా లోనికి లాగవలెను. సుత్తితో ఒక ప్రక్కనే కొట్టినచో అది వంకరగా దిగి పూత చెడును. బుష్షులోని రంధ్రము బ్లాకులోని నూనె రంధ్రమునకు సరిగా నెదురుపడవలెను. ఇది తప్పినచో తక్కిన శ్రమయంతయు వ్యర్థము. రంధ్రములు ఎదురుపడినవో లేదో సన్నని తీగతో పొడిచి చూడవచ్చును. బిగించినపుడు బుష్షు కొంత నొక్కుకొనిపోవును గనుక, మూడింటిని ఒకే సరళరేఖలో నుంచి రీమరుతో కోయుట ఈ ఇంజనున కావశ్యకము. ఆ సదుపాయములేని లేతు షాపునకు, అది యెంత దగ్గరనున్నను, బ్లాకును అప్పగింపరాదు. రీమరు రాల్చిన పొడి కాలువలలో మిగులకుండ మరల కడుగవలెను.

చివరకు బ్లాకును నిట్టనిలువుగా నిలిపి, నూనె పూసిన షాఫ్టును దాని క్యాముల యంచులు మెత్తని పూతను గీరకుండ మెల్లగా దింపవలెను. అది వ్రేళ్లతో త్రిప్పిన తిరుగవలెను. ఎచ్చటనైన పట్టినచో, జర్నలుకు నీలిరంగు పూసి త్రిప్పినపుడు ఆ రంగంటిన చోటును గుర్తించి, అచ్చట మాత్రమే స్క్రేపరుతో గీకవలెను.

మారుతి 800 వంటి వానిలో ఈ బుష్షులే లేవు. షాఫ్టు అల్యూమినియం హెడ్డులోనే తిరుగును. అచ్చట అరుగుదల యెక్కువైనచో సాధారణముగా హెడ్డునే మార్చవలసివచ్చును.