ఏనబావిలో ఇండ్లెన్ని, చేతులెన్ని?

జనగామ జిల్లా లింగాల ఘన్‌పూర్ మండలంలోని ఏనబావి పేరు మనలో చాలామందికి తెలిసిందే. 2006లో రసాయన ఎరువులు, పురుగు మందులు ఊరంతా మానేసినమని ప్రకటించుకున్న పల్లె అది. పొలాలు పై వీడియోలో చూడండి. నేను ఇక్కడ మనుషుల లెక్క రాస్తున్న.

ఏనబావి పెద్ద ఊరేం కాదు. అటూ ఇటూగా 50 కుటుంబాలు, 280 ఎకరాల సాగు. ఎక్కువమంది బీసీలు, చిన్న రైతులే. ఇంత చిన్నగ ఉండుడే వాళ్లకు కలిసొచ్చిందని నా నమ్మకం. ఎందుకంటే, వాళ్ల కథ మొదలైంది 1990ల నడుమ వచ్చిన ఎర్ర గొంగళి పురుగుతోని. తొలకరి వానలు పడంగనే భూమిలోని కోశాల నుంచి రెక్కల పురుగులు లేస్తయి. అప్పుడు రాత్రిపూట మంటలు వేయాలె, దీపపు ఎరలు పెట్టాలె. పిల్ల పురుగులు చేను మారకుండ గట్ల వెంట కందకం తీసి జిల్లేడు కొమ్మలు వేయాలె. ఒక్కడు చేస్తే ఏం లాభం? పక్క చేను నుంచి మళ్లీ వస్తయి. అందరూ ఒకే రాత్రి మంట వేయాలంటే 500 ఇండ్ల ఊర్లె కష్టం, 50 ఇండ్ల ఊర్లె రచ్చబండ కాడ ఒక్క మాట చాలు.

ఇప్పుడు ఆ చిన్నతనమే భయం పెడుతున్నది. ఏనబావి ఒక్కదాన్ని అంటలేను, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల పల్లెల సంగతి ఇది. జనగామ పోరగాండ్లు రైలెక్కితే పొద్దటికల్లా హైదరాబాద్. భూపాలపల్లి దిక్కు బొగ్గు గనుల పని ఉన్నది. మహబూబాబాద్ జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు, ఎక్కువగా లంబాడా తండాలు. అక్కడ కూడా పట్నం బాట పట్టినోళ్లున్నరు.

పాలేకర్ గారి లెక్కన ఒక నాటు ఆవుతో 30 ఎకరాలు చేయొచ్చు. అంటే 280 ఎకరాలకు పది ఆవులు చాలు. మరి మనుషులు? ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి కలిపి రెండు రోజులు పొద్దుమాపు తిప్పి, మోసి పోయాలె. ఆ పైన కలుపు ఉండనే ఉన్నది.

మా ఇంట్ల ఆ తిప్పుడంతా అమ్మదే. 2011 జనాభా లెక్కలకు వచ్చిన సారు "మీ ఆమె ఏం చేస్తది?" అంటే నాయన "ఇంటి పనే సార్" అన్నడు. అమ్మ అప్పుడు చేన్లనే ఉన్నది! ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పని చేస్తే ముఖ్య పనివారిగా రాస్తరు. అమ్మ పన్నెండు నెలలు చేసేది. కాగితం మీద మాత్రం లేదు. ఇప్పుడు ఆమెకు మోకాళ్ల నొప్పులు, డ్రమ్ము కాడ నేనొక్కన్నే.

2021లో జరగాల్సిన లెక్కలు కరోనాతోని ఆగినయి. 2027 ఫిబ్రవరిలో మళ్లీ ఇంటింటికి వస్తరు. ఈసారి జవాబు నేను చెప్త: "మా అమ్మ సాగుదారు, రాసుకోండి." మీ ఇండ్లల్ల ఎవరి పేరు తప్పిపోయిందో, ఇప్పుడు డ్రమ్ము ఎవరు తిప్పుతున్నరో కింద రాయండి. వచ్చే వీడియోలో ఒక్కరే తిప్పగలిగే డ్రమ్ము ఏర్పాటు చూపిస్త.