ముందు మీ ఇల్లు ఎవరి కిందుందో కనుక్కోండి

తమిళనాడులోని కల్లావికి కొత్తగా కాపురం వచ్చినవాళ్ళు ఏదో ఒక రోజు నా జిరాక్సు అంగడికి వస్తారు. ఆధార్‌లో అడ్రసు మార్చాలనో, గ్యాసు బదిలీ చేయించాలనో, పిల్లవాడిని బడిలో వేయాలనో. ఎవరొచ్చినా నేను మొదట అడిగేది ఒకటే: "మీ ఇల్లు ఎవరి కింద వస్తుంది?" చాలామంది ఊరి పేరు చెప్తారు. ఊరి పేరు వేరు, ఆ ఇంటి మీద అధికారమున్న ఆఫీసు వేరు. ఇంటి పన్ను, కొళాయి, చెత్త, ఇల్లు కట్టుకునే అనుమతి, అన్నీ ఆ ఆఫీసును బట్టే నడుస్తాయి. అది తెలుసుకోకుండా ఎన్ని ఫారాలు నింపినా తిరుగుడే మిగుల్తుంది.

నేను పుట్టింది కుప్పం పక్క పల్లెలో. ఇల్లరికం అల్లుడిగా ఇక్కడికి వచ్చాను. కుప్పంలో రైలెక్కి జోలార్‌పేటలో మారి సామల్‌పట్టిలో దిగితే కల్లావి దగ్గరే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పండగలూ పంటలూ తిండీ అంతా మనదే కాబట్టి సొంతూళ్ళోనే ఉన్నట్టు ఉంటుంది. అందుకే మన వైపు నుంచి వచ్చేవాళ్ళు ఇక్కడ చట్టం మారిందన్న సంగతి గమనించరు. సరిహద్దు దాటిన రోజే పన్ను కట్టే పద్ధతి మొదలు ప్లాస్టిక్ సంచి దాకా చాలా మారిపోతాయి.

ఆఫీసుల సంగతి ముందు చెప్తాను. కృష్ణగిరి జిల్లా 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి విడిపోయింది. అంతకుముందు కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే మా ఊత్తంగరై తాలూకా వాళ్ళు ధర్మపురి పోవాల్సిందే. ఈ ఒక్క జిల్లాలోనే నాలుగు రకాల స్థానిక పాలన కనిపిస్తుంది. కల్లావి గ్రామ పంచాయితీ. మాకు దగ్గరున్న ఊత్తంగరై పట్టణ పంచాయితీ. బర్గూరు, కావేరిపట్టణం, డెంకణికోట, కెలమంగలం, నాగోజనహళ్ళి కూడా అంతే. కృష్ణగిరి మున్సిపాలిటీ. హోసూరు 2019 ఫిబ్రవరి నుంచి కార్పొరేషను, అందులో 45 వార్డులు. బోర్డుల మీద వరసగా ఊరాట్చి, పేరూరాట్చి, నగరాట్చి, మానగరాట్చి అని తమిళంలో ఉంటుంది. ఈ నాలుగు మాటలు గుర్తుపట్టగలిగితే ఏ గడప తొక్కాలో తెలిసిపోతుంది.

పల్లెల్లో 1994 నాటి తమిళనాడు పంచాయితీల చట్టం నడుస్తుంది. పట్టణాలకు 1998లో చేసిన పట్టణ స్థానిక సంస్థల చట్టం ఉంది. దాన్ని పూర్తిగా అమల్లోకి తెచ్చింది 2023 ఏప్రిల్‌లో, కొత్త నిబంధనలతో కలిపి. ఇంకో సంగతి, ఊరి హోదా ఎప్పటికీ ఒకటిగా ఉండదు. మా కుప్పమే చూడండి, నా చిన్నప్పుడు పంచాయితీ, 2021 నవంబరులో మొదటిసారి మున్సిపల్ ఎన్నికలు జరిగాయి. హోసూరు చుట్టుపక్కల ఇల్లు తీసుకునేవాళ్ళు మరీ జాగ్రత్తగా కనుక్కోవాలి. రోడ్డుకు ఈ పక్క కార్పొరేషను, ఆ పక్క పంచాయితీ ఉండొచ్చు. ఇంటివాళ్ళ దగ్గర కిందటిసారి కట్టిన పన్ను రసీదు అడిగి చూడండి. దాని మీద అచ్చయిన పేరే మీ ఆఫీసు. ఈ జిల్లాలో ఎక్కడ దిగినా నేను చెప్పే మొదటి పని ఇదే.

పోయినేడు కుప్పం దగ్గరి శాంతిపురం వైపు నుంచి ఒక జంట వచ్చింది. బస్టాండు దగ్గర చిన్న టిఫిను అంగడి పెట్టుకోవాలని వాళ్ళ ఆలోచన. ఆ అబ్బాయి ఒక కాగితం చేత్తో పట్టుకుని వచ్చి, "అన్నా, ఈ పేరు తెలుగులో పెద్దగా రాయించి బోర్డు కట్టాలనుకుంటున్నా. ఫ్లెక్సీవాళ్ళు ఎక్కడుంటారు?" అన్నాడు.

"తెలుగులో తప్పకుండా రాయించు నాయనా. అయితే పైన తమిళం ఉండాల, అదే అన్నిటికంటే పెద్దగా ఉండాల. దాని కింద ఇంగ్లీషు, ఆ కింద మన తెలుగు" అన్నాను.

"ఇక్కడ తెలుగోళ్ళు ఇంతమంది ఉన్నారు కదన్నా?"

"ఉన్నారు. తెలుగు వద్దని ఎవరూ అనరు. వరసే ముఖ్యం."

తమిళనాడులో అంగళ్ళ చట్టం కింద ఉన్న నిబంధన అది. మూడు భాషలు రాస్తే అక్షరాల కొలత అయిదు, మూడు, రెండు పాళ్ళలో ఉండాలంటారు. బోర్డు కట్టించాక మళ్ళీ రాయించుకోవాలంటే రెండింతల ఖర్చు. చిన్న పెట్టుబడితో వచ్చినవాళ్ళకు అదే పెద్ద దెబ్బ. అందుకే ఈ ఒక్క విషయం అడగని వాళ్ళకు కూడా నేనే ముందుగా చెప్తాను.

తరవాత ఆ అమ్మాయి పార్సిలు సంగతి ఎత్తింది. సాంబారు, చట్నీ సన్న ప్లాస్టిక్ కవర్లలో కట్టివ్వడం వాళ్ళకు అలవాటు. ఇక్కడ అది కుదరదు. కేంద్ర నిబంధన ప్రకారం 120 మైక్రాన్లు, అంతకు మించిన మందం ఉంటే ప్లాస్టిక్ సంచికి అనుమతి ఉంది. తమిళనాడులో మాత్రం 2019 జనవరి 1 నుంచి సంచి ఎంత మందమున్నా నిషేధమే. ఆ జాబితాలో మొత్తం 14 రకాలున్నాయి. సంచులతోపాటు ప్లాస్టిక్ పూత పూసిన కాగితపు కప్పులు, ప్లేట్లు, స్ట్రాలు, నీళ్ళ ప్యాకెట్లు, భోజనం బల్ల మీద పరిచే ప్లాస్టిక్ షీట్లు కూడా అందులోనివే. కవర్లు హోల్‌సేల్‌గా దొరుకుతున్నాయి కదా అని కట్టలు కట్టలు కొని పెట్టుకుంటే, తనిఖీకి వచ్చినప్పుడు సరుకు పోతుంది, జరిమానా కూడా పడుతుంది. 2021 డిసెంబరులో ప్రభుత్వం మళ్ళీ పసుపు గుడ్డసంచి పట్టుకోండని ఒక ఉద్యమం మొదలుపెట్టింది. పెళ్ళిళ్ళలో తాంబూలానికి ఇచ్చే మంజపై సంచే అది. ఆ జంట ఇప్పుడు ఇడ్లీ అరిటాకులో చుట్టి కాగితంలో కడతారు, సాంబారుకు గిన్నె తెచ్చుకోమంటారు. మొదట్లో ఒకరిద్దరు సణిగారు గాని, ఇప్పుడు అందరూ టిఫిను క్యారియరుతోనే వస్తున్నారు. ఆహారం అమ్మే చిన్న అంగడికి కేంద్ర ఆహార భద్రత సంస్థ నమోదు కూడా కావాలి. అది ఎక్కడైనా ఒకటే.

ఇంక నీళ్ళు. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో చాలాచోట్ల భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువ. పళ్ళ మీద గోధుమరంగు గీతలున్న పెద్దవాళ్ళు మా ఊళ్ళల్లో కనబడతారు. ఆ బాధ తీర్చడానికే జపాన్ రుణంతో హొగెనకల్ పథకం కట్టి 2013లో ప్రారంభించారు. కావేరి నీళ్ళు పల్లెల దాకా వస్తున్నాయి. అద్దె ఇల్లు చూసేటప్పుడు గదులు ఎన్ని, గాలి వస్తుందా అని అడుగుతారు. ఏ కొళాయిలో హొగెనకల్ నీళ్ళు వస్తాయి, దేనిలో బోరు నీళ్ళు వస్తాయి, ఎన్ని రోజులకొకసారి వదుల్తారు అని కూడా అడగండి. తాగేందుకూ వండేందుకూ ఏ నీళ్ళు పట్టుకోవాలో దాన్నిబట్టి తెలుస్తుంది. వీధి కొళాయి గొట్టానికి మోటారు తగిలించి లాగడం తప్పు. పట్టుకుంటే మోటారు తీసుకుపోతారు. వీధి చివరి ఇంటివాళ్ళ బిందె నిండకుండా పోవడానికి ఆ మోటార్లే కారణం. కాబట్టి ఈ నిబంధన గట్టిగా అమలు కావాలని నేను మనసారా కోరుకుంటాను.

బోరు వేయించాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి. పంచాయితీల్లో దీనికి 2015లో ప్రత్యేకంగా నిబంధనలు చేశారు. అంతకుముందే 2010లో సుప్రీంకోర్టు, తవ్వడానికి 15 రోజుల ముందే రాతపూర్వకంగా తెలపాలనీ, వదిలేసిన బోరును మూసేయాలనీ దేశమంతటికీ చెప్పింది. నీళ్ళు పడలేదని గోనెసంచి కప్పి వదిలేసిన గొట్టం ఎక్కడ కనబడినా వెంటనే పంచాయితీ ఆఫీసుకు చెప్పండి. పసిబిడ్డల ప్రాణాలతో ముడిపడిన సంగతిది. ఇల్లు కడుతున్నవాళ్ళు వాన నీటి గుంత మరవకూడదు. 2003 నుంచి తమిళనాడులో ప్రతి భవనానికీ అది తప్పనిసరి.

హోసూరులో ఉద్యోగం దొరికి వచ్చేవాళ్ళ సమస్యలు వేరు. ప్రభుత్వ పారిశ్రామికవాడ సిప్‌కాట్‌లో ఫ్యాక్టరీలున్న చోట అద్దె ఇళ్ళకు గిరాకీ ఎక్కువ. బెంగళూరు పక్కనే ఉండడంతో అక్కడి అలవాటు ప్రకారం పది నెలల అడ్వాన్సు అడిగేవాళ్ళూ ఉన్నారు. 2019 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన తమిళనాడు అద్దె చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప మూడు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. అందుకే సంతకం పెట్టేముందు ఆ పంక్తి చదవాలి. ఒప్పందం రాతలో ఉండాలి, దాన్ని అద్దె అధికారి దగ్గర నమోదు చేయించాలి. "మన తెలుగువాళ్ళే కదా, నోటిమాట చాలు" అనుకోవద్దని మా తమ్ముళ్ళందరికీ చెప్తుంటాను. కాగితం ఉంటే ఇల్లిచ్చినవాళ్ళకూ తీసుకున్నవాళ్ళకూ ఇద్దరికీ నిద్ర పడుతుంది.

జీతంలో కోసే వృత్తి పన్ను గురించి చాలామంది అడుగుతారు. ఆంధ్రలో, కర్ణాటకలో అది నెలనెలా కోస్తారు, రాష్ట్ర ఖజానాకు పోతుంది. ఇక్కడ ఆరు నెలలకొకసారి, మీరు పనిచేసే చోటున్న స్థానిక సంస్థకే పోతుంది. రాజ్యాంగం 276వ అధికరణ ప్రకారం ఎక్కడైనా ఏడాదికి 2,500 రూపాయలకు మించకూడదు. ఆ డబ్బు మీ వీధి దీపానికీ కాలవకూ ఖర్చు పెట్టాల్సిందే కనుక, దీపం వెలగకపోతే అడిగే హక్కు మీకుంది. పట్టణాల్లో ఇంటి పన్ను కూడా ఆరు నెలలకొకసారే. ఏప్రిల్ ఆఖరులోగా, అక్టోబరు ఆఖరులోగా కడితే 5 శాతం తగ్గిస్తారు.

బండి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఏపీ నంబరో కేఏ నంబరో ఉన్న బండి 12 నెలలు దాటి ఇక్కడే ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి. కృష్ణగిరికి టీఎన్ 24, హోసూరుకు టీఎన్ 70. పాత ఆర్టీవో ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవడమే ఇందులో ఎక్కువ రోజులు పట్టే పని.

స్థలం కొనేవాళ్ళు మాత్రం ఇక్కడ నిలబడి వినాలి. 2016 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు, అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్ ఆపమంది. తరవాత ప్రభుత్వం 2016 అక్టోబరు 20కి ముందు ఏర్పడ్డ ప్లాట్లను క్రమబద్ధం చేసుకునే అవకాశం ఇచ్చింది. అంటే రంగురాళ్ళు పాతి, స్వాగత ద్వారం కట్టి, కారులో తిప్పి చూపించినంత మాత్రాన అది ఇంటిస్థలం అయిపోదు. పట్టణ ప్రణాళిక శాఖ ఇచ్చే డీటీసీపీ అనుమతి నంబరు అడగండి, పట్టా చూడండి, విల్లంగం సర్టిఫికెట్ తీయించండి. మనవాళ్ళు ఈసీ అనేది అదే. హోసూరు చుట్టూ అయితే అక్కడి అభివృద్ధి సంస్థ పరిధిలో ఉందా అనేది కూడా చూడాలి. అన్నీ సరిగ్గా ఉన్న చిన్న ఇంటికి ఇప్పుడు అనుమతి తేలికైంది. 2024 జులై నుంచి 2,500 చదరపు అడుగుల లోపు స్థలంలో 3,500 చదరపు అడుగుల లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లోనే వెంటనే ఇస్తున్నారు.

పిల్లల చదువు గురించి అడిగేటప్పుడు తల్లుల గొంతులో భయం వినిపిస్తుంది. 2006 నాటి చట్టంతో తమిళనాడులో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి పాఠం చేస్తూ వచ్చారు. హోసూరు వైపు తెలుగు బడులున్నాయి. మైనారిటీ భాషల పిల్లలకు పదో తరగతి పరీక్షలో తమిళం నుంచి మినహాయింపు కావాలని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, 2023లో ఆ ఏటికి కోర్టు మినహాయింపు ఇచ్చింది. కాబట్టి ఏడెనిమిదో తరగతి పిల్లలతో వచ్చేవాళ్ళు చేర్చక ముందే ప్రధానోపాధ్యాయులను కలిసి, తమిళం ఎలా నేర్పుతారు, తెలుగు పాఠం ఉందా, పరీక్షలో ఏది రాయాలి అని అడగాలి. పసివాళ్ళ గురించి దిగులక్కర్లేదు. వీధిలో ఆటలాడుకుంటూనే తమిళం వచ్చేస్తుంది. తెలుగు నిలవాలంటే మాత్రం ఇంట్లో చదివించాలి, రాయించాలి. ఆ పని బడి మీద వదిలేస్తే జరగదు.

పండగ నిబంధనలు ఎక్కువ లేవు. దీపావళికి 2018 నుంచి ఇక్కడ టపాకాయలు పొద్దున 6 నుంచి 7, సాయంత్రం 7 నుంచి 8 మాత్రమే కాల్చాలి. గుడి తిరునాళ్ళకు మైక్‌సెట్ పెట్టాలంటే పోలీస్ స్టేషన్‌లో అనుమతి అడగాలి, రాత్రి పది దాటితే ఆపాలి. ఎద్దుల పండగకు కలెక్టరు అనుమతి కావాలి. 2023 ఫిబ్రవరి 2న హోసూరు దగ్గర గోపచంద్రంలో ఆ అనుమతి ఆలస్యమైందని జనం జాతీయ రహదారిని అడ్డుకున్నారు. గంటల తరబడి బండ్లు నిలిచిపోయాయి, రాళ్ళు పడ్డాయి. అనుమతి కాగితం నాలుగు రోజుల ముందే చేతికందే ఏర్పాటు ఉంటే ఆ రోజు అంత గొడవ అయ్యేది కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇన్ని నిబంధనలు తెలుసుకుని కట్టుబడి ఉండడంతో సరిపోదు. ఇక్కడివాళ్ళమని మాట్లాడాలంటే గ్రామసభకు పోవాలి. తమిళనాడులో ఏడాదికి ఆరుసార్లు జరుగుతుంది: జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. పంచాయితీ ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాళ్ళూ అందులో సభ్యులే. కొత్తగా వచ్చినవాళ్ళు ఫారం 8 నింపి ఓటు ఇక్కడికి మార్చుకుంటే ఆ హక్కు వస్తుంది. పట్టణాల్లో వార్డు కమిటీలు, ఏరియా సభలు ఉన్నాయి. మా పంచాయితీల పాలకవర్గాల గడువు 2025 జనవరి 5న ముగిసి పాలన ప్రత్యేకాధికారుల చేతికి వెళ్ళినప్పుడు, ఇక అడగడానికి ఎవరున్నారని చాలామంది నిరుత్సాహపడ్డారు. పంచాయితీ కార్యదర్శి ఉంటారు, ఊత్తంగరైలో పంచాయితీ యూనియన్ ఆఫీసులో బీడీవో ఉంటారు. కలెక్టరు ఆఫీసులో ప్రతి సోమవారం అర్జీలు తీసుకుంటారు. భూమి కాగితాల గొడవలకు ఏటా తాలూకా ఆఫీసులో జమాబంది జరుగుతుంది.

ఆ జంట టిఫిను అంగడి ముందున్న మురికికాలవ గురించి మే 1 గ్రామసభకు ఒక అర్జీ రాసిచ్చాను. తమిళం చదవడం రాదని ఆ అమ్మాయి వెనకాడితే, "తెలుగులో చెప్పమ్మా, నేను తమిళంలో రాస్తా, చదివి వినిపిస్తా, అప్పుడే సంతకం పెట్టు" అన్నాను. సంతకం తెలుగులోనే పెట్టింది. అర్జీ ఇచ్చాక రసీదు తీసుకున్నారు, తేదీ వేసి నా అంగడిలోనే ఒక నకలు తీసి పెట్టుకున్నారు. అర్జీ రాయించుకోవడానికి నా దగ్గరికే రానక్కర్లేదు, మీ వీధిలో తమిళం రాయగలిగిన పదో తరగతి పిల్ల అయినా రాసిస్తుంది. పైన ఆఫీసు పేరు సరిగ్గా ఉండాలి, కింద మీ ఫోను నంబరు ఉండాలి, రసీదు లేకుండా మాత్రం లేచి రాకండి.