మారనెల్లో గేరు రాడ్డు: తిరోధానము, పునరాగమనము

ఇటలీ దేశమున మోదెనా నగరమునకు చేరువనున్న మారనెల్లోలో 1947వ సంవత్సరమున ఎంజో ఫెరారీ తన పేరిట మొదటి కారైన 125 ఎస్‌ను వెలువరించెను. జోవక్కీనో కొలంబో రూపొందించిన దాని పన్నెండు సిలిండర్ల ఇంజనును రసికులు నేటికిని కొనియాడుదురు కాని, ఆ ఇంజను బలమును చక్రములకు చేర్చిన ఐదు గేర్ల పెట్టెను తలచువారు అరుదు. ఐనను ఆ పిమ్మట అర్ధశతాబ్దము పాటు ఫెరారీ నడుపువాని అరచేతికి ఇంజనుకంటెను సన్నిహితమైయుండినది ఆ పెట్టెను శాసించు సన్నని ఉక్కు రాడ్డే. దాని శిరస్సున నల్లని గుండు, పాదమున మెరుగుపెట్టిన లోహపు పలక, ఆ పలకలో గేరునకొక గాడి. ఈ రాడ్డు ఎట్లు అంతరించినదో, అంతరించినదానిని నేటి పనివారు ఎట్లు తిరిగి నిలుపుచున్నారో చెప్పుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

పెట్రోలు ఇంజను నిమిషమునకు కొన్ని వేల చుట్లు తిరుగునపుడే తన పూర్ణబలమును చూపును. నిలిచియున్న కారును కదలించు బలమును అది నేరుగా ఈయజాలదు కనుక నడుమ పళ్ళచక్రముల మాధ్యస్థ్యము అవసరమైనది. 1890ల నాటి ఫ్రాన్సులో పానార్-లెవస్సోర్ కార్లయందు ఈ చక్రములను ఇరుసుపై జరిపి జతచేయు పద్ధతి నెలకొన్నది. వేర్వేరు వేగములతో తిరుగు పళ్ళు ఒరసికొని ఘోరముగా అరచుచుండెడివి. పూర్వము మన లారీ డ్రైవర్లు గేరు మార్చుటకు క్లచ్‌ను రెండుమారులు తొక్కుచుండుటకు కారణము పళ్ళ వేగములను సమముచేయవలసివచ్చుటయే. 1928లో అమెరికాలో ఎర్ల్ థాంప్సన్ కనిపెట్టిన సింక్రోమెష్ కాడిలాక్ కార్లలో ప్రవేశించి, ఈ శ్రమను శంకువు ఆకారపు ఘర్షణోపకరణమునకు అప్పగించినది. అప్పటినుండి గేరు మార్చుట బలప్రయోగము కాక స్పర్శజ్ఞానమయ్యెను.

ఆ స్పర్శజ్ఞానమునకు ఫెరారీ గాడుల పలక ఒక పాఠశాల. 308, టెస్టరోసా మొదలగు ఐదు గేర్ల కార్లలో మొదటి గేరు ఎడమవైపున వెనుకకు ఉండును. క్రొత్తవానికి ఇది వింతగా తోచును. కాని పందెములో మొదటి గేరు బయలుదేరుటకే తప్ప పిదప అంతగా అక్కరకు రాదు కనుక, తఱచుగా మార్చుకొను రెండు-మూడు గేర్లను ఒక సరళరేఖలోను, నాలుగు-ఐదులను మరియొక సరళరేఖలోను అమర్చిన యుక్తి యది. రాడ్డు గాడి అంచును తాకిన ప్రతిమారును చిటుక్కుమను లోహధ్వని వినవచ్చును. ఉదయమున నూనె చల్లనై చిక్కగానున్నపుడు సింక్రోమెష్ తన పని జాగుగా చేయును. అందుచేత ఆ కార్ల మర్మమెరిగినవారు నూనె వేడెక్కువరకు రెండవ గేరును విడిచి మొదటినుండి మూడవదానికి పోవుదురు. యంత్రము అలసతను అరచేత గుర్తించి, దానికి తగినట్లు తన్ను దిద్దుకొను ఈ ఓర్పును నేను గొప్ప విద్యగా భావింతును.

ఈ విద్యకు తొలి విఘాతము పందెపు బాటనుండియే వచ్చినది. ఆంగ్లేయుడైన జాన్ బర్నార్డ్ ఫెరారీ సంస్థకు ఫార్ములా వన్ కారును రూపొందించుచు, గేరు రాడ్డును, దానిని వెనుకనున్న పెట్టెకు కలుపు కడ్డీలను తీసివేసినచో చోదకుని ఆసనభాగమును సన్నముచేయవచ్చుననియు, అతడు రెండు చేతులను స్టీరింగుపైననే నిలుపవచ్చుననియు తలచెను. స్టీరింగు వెనుక రెండు మీటలను అమర్చి, గేరును ద్రవపీడనముచేత కదలించు ఏర్పాటు చేసెను. అభ్యాసపు పరుగులలో ఆ కారు మాటిమాటికి మొరాయించుచుండెను. ఐనను 1989 మార్చిలో బ్రెజిల్ దేశమున, దాని మొట్టమొదటి పందెముననే, నైజెల్ మాన్సెల్ దానితో విజయము సాధించెను. కొన్ని యేండ్లకే ఫార్ములా వన్ రంగమున గేరు రాడ్డు కనుమరుగయ్యెను.

1997లో ఫెరారీ ఈ ఏర్పాటును ఎఫ్355 ఎఫ్1 అను పేరిట సామాన్య రహదారి కారులోనికి దింపెను. ఇక్కడ పాఠకుడు గమనింపవలసిన విషయమొకటి కలదు. తక్కిన కథ యంతయు దానిపైననే ఆధారపడియున్నది. ఎఫ్355 ఎఫ్1 గేరుపెట్టె మౌలికముగా మాన్యువల్ కారులోనిదే: అవే పళ్ళచక్రములు, అవే సింక్రోమెష్‌లు, అదే క్లచ్. మనిషి చేయి చేయవలసిన పనిని నూనె పీడనముతో కదలు ముషలకము చేయును. ఎడమపాదము పనిని మరియొకటి చేయును. పంపు ఒకటి ఆ పీడనమును సృష్టించును. ఎప్పుడు ఏది కదలవలెనో ఒక కంప్యూటరు ఆజ్ఞాపించును. 1999 నాటి 360 మోదెనాయందును, 2004 నాటి ఎఫ్430యందును, వి12 ఇంజను గల 599యందును ఈ పద్ధతియే కొనసాగి, గేరు మారు కాలము నానాటికి తగ్గుచు, 430 స్కుడెరియాలో 60 మిల్లీసెకన్లకు దిగినది. కొనుగోలుదారులు వేగమునకు ముగ్ధులై మీటలనే కోరిరి. మాన్యువల్ గేరుతో తయారైన 599లు ముప్పది మాత్రమేనని ప్రతీతి. 2009లో వచ్చిన 458 ఇటాలియాలో మాన్యువల్ గేరు కోరుకొను అవకాశమే లేకపోయెను. పొరుగుననున్న లంబోర్గినీ సంస్థయు ఇ-గేర్ అను ఇట్టి పద్ధతితోనే మొదలిడి, 2011 నాటి అవెంటాడోర్‌లో క్లచ్ పెడలును విడిచిపెట్టెను.

కాలము గడచినకొలది వేగమను ఆకర్షణ తగ్గి, లోపములు పైకి వచ్చినవి. తొలినాటి కంప్యూటరు రద్దీలో క్లచ్‌ను సగము పట్టి సగము విడుచుచు త్వరగా అరగదీయును. రివర్సులో ఎత్తు ఎక్కించుట మరియు ప్రమాదకరము. పంపులు, వాల్వులు, పీడనము నిలువచేయు పాత్రలు వృద్ధాప్యమునకు వచ్చినవి. అప్పటి అద్భుతవేగము నేటి సామాన్యపు ద్వంద్వ క్లచ్ కారుముందు మందగమనముగా తోచుచున్నది. మరియొకవంక మాన్యువల్ కార్లు అరుదగుటచే వాని వెల మీటల కార్లను మించి పెరిగినది. పెట్టె మునుపటిదే యైనపుడు నడిమి యంత్రహస్తమును తీసివేసి మనిషి హస్తమునకు మరల చోటీయరాదా యని కొందరు నిపుణులు యోచించుటలో ఆశ్చర్యమేమున్నది?

పని సులభము కాదు. విశాలమైన బ్రేకు పెడలును తీసి, దాని చోట బ్రేకు, క్లచ్ రెండింటిని అమర్చి, క్లచ్ పెడలుకు మాస్టర్ సిలిండరును, దానినుండి వెనుకవరకు నూనెగొట్టమును వేయవలెను. ఆసనముల నడిమి భాగమును విప్పి, గాడుల పలకను రాడ్డును బిగించి, 360 వంటి కార్లలో అక్కడినుండి ఇంజను వెనుకనున్న పెట్టెవరకు రెండు కేబుళ్ళను నడుపవలెను. పెట్టెపైనున్న ముషలకములను తీసి, చేతి రాడ్డునకు లొంగు భాగములను పెట్టవలెను. ఎఫ్430లో పంపును పూర్తిగా తొలగింపరాదు, ఏలయన దాని వెనుక ఇరుసులోని ఎలక్ట్రానిక్ డిఫరెన్షియలుకును ద్రవపీడనమే ప్రాణము. ఇవన్నియు ముగిసినను ఇంజను కంప్యూటరు తన తోడిదైన గేరు కంప్యూటరు కనబడక దీపములు వెలిగించి గోలచేయును. దానికి మాన్యువల్ కారు ప్రోగ్రాము నేర్పి, క్లచ్ స్విచ్చిని, రివర్సు దీపపు స్విచ్చిని కలుపవలసియుండును.

చిట్టచివర కేబుళ్ళ కొలతను సరిదిద్దుట కలదు. తంబురా తీగెను శ్రుతిచేయువాని ఓర్పు ఇక్కడ కావలెను. వెంట్రుకవాసి తేడా యున్నను రాడ్డు గాడి అంచునకు ఒరయును. గేరు పూర్తిగా పడక, పెట్టెలోపల గేరును జరుపు ఫోర్కు అరిగిపోవును. పైకి కనబడు పలకను మెరిపించి, కనబడని ఈ పనిలో అశ్రద్ధచేసినవానిని నేను పనివాడని యనజాలను.

ఈ మార్పు న్యాయమేనా యను ప్రశ్నను తప్పించుకొనుట నా యభిమతము కాదు. మారనెల్లో సంస్థ తన పాత కార్లకు ఇచ్చు ప్రామాణ్యపత్రము, కారు కర్మాగారమునుండి వెలువడిన స్థితిలోనున్నదా యని చూచును. మార్చిన కారు ఆ పరీక్షకు నిలువదు. పైగా ఎఫ్355 ఎఫ్1 సాధారణపు కారు కాదు. పందెపు మీటలను రహదారిపైకి తెచ్చిన తొలి ఫెరారీ యది. ఇట్టివానినన్నిటిని మార్చివేసినచో చరిత్రలో ఒక పుట చినిగిపోవును. 360లు, ఎఫ్430లు వేలకొలది కలవు. వానిలో కొన్నిటికి రాడ్డు తిరిగివచ్చుట నాకు సంతోషమే. 430 స్కుడెరియా మాట వేరు. ఆ సంస్థ దానిని మాన్యువల్ గేరుతో ఎన్నడును అమ్మలేదు కనుక, దానికి రాడ్డు పెట్టుట జీర్ణోద్ధారణ కాదు, నూతననిర్మాణము. ఆ సంగతిని దాచక చెప్పినంతవరకు దానిలో దోషమును నేను చూడను. 458 వంటి ద్వంద్వ క్లచ్ కార్లలో రెండు క్లచ్‌లు రెండు ఇరుసులను పంచుకొనును. అచ్చట ఒక పెడలు చేర్చినంతమాత్రమున పని జరుగదు, పెట్టెనే మార్చవలెను.

అందుచేత ఇట్టి కారును మార్పించువారికి నా విన్నపమొకటే. తీసివేసిన పంపును, ముషలకములను, కంప్యూటరును, మీటలను పారవేయక, పేర్లు వ్రాసి పెట్టెలో భద్రపరచుడు. చేసిన పనినంతటిని కాగితముపై పెట్టి కారుతోపాటు ఉంచుడు. కొనువారు ఆ కాగితములు చూడనిదే, చల్లని నూనెతో ఒకమారును వేడి నూనెతో ఒకమారును గేర్లన్నియు స్వయముగా వేసి చూడనిదే, వెల మాటలాడవలదు.