పాత కంప్యూటర్ల అప్పగింత – సమాచార నిర్మూలనలో పాటించవలసిన జాగ్రత్తలు

కార్యాలయాలలో, ఇళ్లలో వాడకం తగ్గిన కంప్యూటర్లను పాఠశాలలకు, గ్రంథాలయాలకు, స్వచ్ఛంద సంస్థలకు ఇవ్వడం అభినందనీయమైన అలవాటు. కరీంనగర్‌లో మూలన పడిన యంత్రం ఉట్నూరు ప్రాంతంలోని ఒక ఆశ్రమ పాఠశాల విద్యార్థికి ఎంతగానో ఉపయోగపడగలదు. అయితే యంత్రంతో పాటు అందులోని ప్రజల వ్యక్తిగత వివరాలు కూడా చేతులు మారకుండా చూడవలసిన బాధ్యత ఇచ్చేవారిపైనే ఉన్నది.

ఈ అంశానికి ప్రస్తుతం ప్రత్యేక ప్రాధాన్యం ఏర్పడినది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత యంత్రాలలో అనేకం విండోస్ 11కు అర్హత పొందవు. అందువలన వాటిని మార్చే కార్యాలయాల సంఖ్య పెరుగుతుంది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పూర్వపు ఆదిలాబాద్ జిల్లా నుండి ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలు, పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినాయి. కార్యాలయాలు విడిపోయినపుడు, తరలినపుడు ఏ యంత్రంలో ఏ సమాచారం ఉన్నదో ఎవరికీ తెలియని పరిస్థితి ఏర్పడే అవకాశం ఉంటుంది.

మండల స్థాయి కంప్యూటరులో ఉండే సమాచారం సామాన్యమైనది కాదు. ఉదాహరణకు, 2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్‌లో ప్రారంభమైన రైతుబంధు వంటి పథకాల అమలులో రైతుల పట్టాదారు పాసుపుస్తకం నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు అవసరమవుతాయి. పింఛన్లు, ఉపకార వేతనాల జాబితాలలో ఆధార్, ఫోన్ నంబర్లు ఉంటాయి. ఇటువంటి ఒక్క జాబితా మోసగాళ్ల చేతికి చిక్కినచో నష్టపోయేది ఆ జాబితాలోని రైతులు, వృద్ధులు, విద్యార్థులే.

తొలగించినది మాయమైపోదు

ఫైలును తొలగించి, రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేసినచో సమాచారం పోయినదని పలువురు భావిస్తారు. ఇది అపోహ. రికార్డు గది రిజిస్టరులో ఒక దస్త్రం పేరు కొట్టివేసినంత మాత్రాన బీరువాలోని దస్త్రం మాయం కాదు. అదే విధంగా సాధారణ హార్డ్ డిస్కులో ఫైలు చిరునామా మాత్రమే తొలగిపోతుంది. దానిపై కొత్త సమాచారం వ్రాయబడే వరకు పాత సమాచారం అక్కడే ఉంటుంది. ఉచితంగా లభించే సాఫ్ట్‌వేర్లతో దానిని తిరిగి వెలికితీయవచ్చును. క్విక్ ఫార్మాట్ చేసిన డిస్కుకు కూడా ఇదే వర్తిస్తుంది.

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ఇద్దరు పరిశోధకులు పాత వస్తువుల మార్కెట్‌లో 158 డిస్కులను కొని పరీక్షించి, 2003లో ఫలితాలను ప్రచురించినారు. పని చేసిన 129 డిస్కులలో 12 మాత్రమే సక్రమంగా శుభ్రపరచినవి. మిగిలిన వాటిలో 5,000కు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు లభించినాయి. ఒక డిస్కు ఏటీఎం యంత్రం నుండి వచ్చినదిగా తేలినది. పాత పరికరాలను జాగ్రత్త లేకుండా వదిలించుకున్నందుకు మోర్గాన్ స్టాన్లీ సంస్థకు చెందిన విభాగంపై 2022 సెప్టెంబరులో అమెరికా సెక్యూరిటీల నియంత్రణ సంస్థ 3.5 కోట్ల డాలర్ల జరిమానా విధించినది.

ముందు భద్రపరచుట, తరువాతనే చెరుపుట

అధికారులు మొదట గమనించవలసినది, ప్రభుత్వ రికార్డును నష్టపోకుండా ఉండుట. అవసరమైన ఫైళ్లను వేరొక చోట నకలు చేసి, ఆ నకలు మరొక కంప్యూటరులో తెరుచుకుంటున్నదని సరిచూసుకొనవలెను. సమాచార హక్కు చట్టం, 2005లోని 20వ సెక్షను ప్రకారం, దరఖాస్తుదారు కోరిన సమాచారాన్ని ధ్వంసం చేసినచో రోజుకు రూ.250 చొప్పున రూ.25,000 వరకు జరిమానా విధించవచ్చును. కావున పెండింగు దరఖాస్తులను పరిశీలించిన పిదపనే తదుపరి చర్య చేపట్టవలెను.

పిదప ఈ-మెయిల్, వాట్సాప్ వెబ్, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డుల నుండి వైదొలగవలెను. ట్యాలీ వంటి సాఫ్ట్‌వేర్ల లైసెన్సును సరెండర్ చేయవలెను. డిజిటల్ సంతకపు టోకెను, పెన్‌డ్రైవు, ట్రేలో మిగిలిన సీడీలను తీసివేయవలెను.

చెరుపు విధానం

విండోస్ 10లో సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, రికవరీ ద్వారాను, విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ ద్వారాను ‘రీసెట్ దిస్ పీసీ’ని ఎంచుకొని, ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ అని సూచించవలెను. అంతటితో సరిపోదు. ‘చేంజ్ సెట్టింగ్స్’లో ‘క్లీన్ డేటా’ను ఎంపిక చేయవలెను. అక్కడ అన్ని డ్రైవుల ఫైళ్లను తొలగించే అవకాశం చూపినచో దానిని కూడా ఎంపిక చేయవలెను. కార్యాలయాల ఫైళ్లు తరచుగా ‘డి’ డ్రైవులోనే ఉంటాయి. ‘సి’ డ్రైవు మాత్రమే శుభ్రపరచినచో అవి అట్లే మిగిలిపోతాయి.

విండోస్ 7 యంత్రాలలో ఈ సదుపాయం లేదు. ఇన్‌స్టలేషన్ డీవీడీతో ప్రారంభించి, డిస్క్‌పార్ట్‌లో ‘క్లీన్ ఆల్’ ఆదేశం ఇచ్చినచో డిస్కు మొత్తం సున్నలతో నిండుతుంది. పొరపాటున వేరొక డిస్కు చెరిగిపోకుండా బయటి డిస్కులను ముందే విడదీయవలెను. సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున వ్రాసినా 500 జీబీ డిస్కుకు సుమారు 83 నిమిషాలు పడుతుంది. మధ్యలో విద్యుత్ అంతరాయం కలుగకుండా యూపీఎస్ ఏర్పాటు చేసుకొనుట మంచిది. సాధారణ హార్డ్ డిస్కుకు ఒకసారి పూర్తిగా తిరగవ్రాసినచో సరిపోతుంది. పలుమార్లు చేయవలసిన అవసరం లేదు.

ఎస్‌ఎస్‌డీలు ఇందుకు భిన్నమైనవి. వాటిలో కంటికి కనిపించని అదనపు నిల్వ భాగాలు ఉంటాయి. కావున తయారీదారు అందించే ‘సెక్యూర్ ఎరేజ్’ సాధనాన్ని వినియోగించవలెను. పని చేయని యంత్రమైనచో డిస్కును విప్పి, భౌతికంగా ధ్వంసం చేయవలెను. మిగిలిన భాగాలను పాత ఇనుము వ్యాపారికి కాక, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లరుకు అప్పగించవలెను.

రీసెట్ పూర్తయి, భాషను ఎంచుకొనే తొలి తెర కనిపించినపుడు యంత్రాన్ని నిలిపివేసినచో, స్వీకరించినవారు తమ పేరుతో ప్రారంభించుకొనగలరు. ఉబుంటు వంటి ఉచిత లినక్స్ వ్యవస్థను అమర్చి ఇచ్చినచో పాత యంత్రం మరికొన్నేళ్లు సురక్షితంగా పనిచేయగలదు.

ఒక్క పుటలో నమోదు

యంత్రం, డిస్కుల సీరియల్ నంబర్లు, చెరిపిన విధానం, తేదీ, చెరిపినవారి, సరిచూసినవారి సంతకాలతో ఒక పుట నివేదికను స్టాకు రిజిస్టరుకు జతచేయుట శ్రేయస్కరం. సందేహాలున్నచో అధికారులు జిల్లాలోని జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం సాంకేతిక సలహాను పొందవచ్చును. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం తగిన భద్రతా చర్యలు తీసుకొనని పక్షంలో రూ.250 కోట్ల వరకు జరిమానాకు అవకాశమున్నది. దీని నిబంధనలు 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమలులోనికి వచ్చునట్లు నిర్దేశించబడినవి.

పాత్రికేయులకు సైతం ఇది వర్తిస్తుంది. నమ్మి వార్త అందించినవారి పేర్లు, ఫోన్ నంబర్లు, ప్రచురించని ఛాయాచిత్రాలు పాత ల్యాప్‌టాప్‌లో మిగిలిపోయినచో ఆ నమ్మకానికే భంగం కలుగుతుంది. దానం చేయవలసినది యంత్రాన్ని మాత్రమే. అందులోని పరుల వివరాలు దానం చేయుటకు మనవి కావు.