పురుగులు బాగానే ఉంటాయి, మనిషే లేవడు
(చలికాలం పంటకు గ్యాస్ హీటర్లు, స్నానాల గదిలో గీజర్లు)



చలి పంటకు చాకీ తెచ్చుకునే రోజులు వచ్చేశాయి. షెడ్డుకు గ్యాస్ హీటర్ పెట్టుకోవచ్చా అని శానామంది అడుగుతున్నారు. పెట్టుకోవచ్చు. కానీ దాన్ని ఎక్కడ పెడతారు, దాని పొగ ఎక్కడికి పోతుంది అన్నది తేల్చుకున్నాకే కొనండి. పొగ అంటే కంటికి కనపడే పొగ కాదు. కనపడని పొగ గురించే ఈ వ్యాసమంతా.

అవసరం ఉందన్నది నిజమే. మార్గశిరం, పుష్యం వచ్చాయంటే పెన్న ఒడ్డు ఊళ్ళల్లో రాత్రి చలి 15, 16 డిగ్రీల దాకా దిగుతుంది. చాకీ పురుగుకు 27, 28 డిగ్రీలు కావాలి, పెద్ద పురుగుకు 24 అయినా ఉండాలి. రాత్రి వేడి పడిపోతే పురుగు ఆకు తినదు, జ్వరానికి ఒకేసారి కూర్చోదు, మేపు రెండు మూడు రోజులు సాగుతుంది. కరెంటు హీటర్ పెడదామంటే రాత్రి కరెంటును నమ్ముకోలేం. మన పక్కనే తిరుమణిలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది గానీ సూర్యుడు దిగిపోయినాక అది మన షెడ్డుకు ఏం చేస్తుంది? అందుకే బొగ్గుల కుంపటో, గ్యాసో అంటున్నాం.

ముందు కుంపటి సంగతి. బొగ్గులు బయట రాజేసి, పొగంతా పోయి ఎర్రగా అయినాక లోపలికి తేవాలని పెద్దలు చెప్పేవారు. పురుగుకు పొగ తగలకూడదని చెప్పిన మాట అది, ఆ మేరకు సరైనదే. మనిషి ప్రాణానికి మాత్రం అది కాపు కాదు. కణకణలాడే బొగ్గు నుంచే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. గ్యాస్ మంట సరిగ్గా గాలి అందక పచ్చగా మండినా వచ్చేది అదే. సిలిండర్ లీకయితే వచ్చే గబ్బు వాసన మనకు తెలియాలని కలిపిన మందుది. కాలిన గ్యాసులో ఆ వాసన ఉండదు.

ఇక్కడ పట్టు రైతుకు ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. "పురుగులు బాగా ఆకు తింటున్నాయి కదా, గాలి బాగోకుంటే అవే ముందు చస్తాయి" అని చాలామంది ధైర్యం. అది తప్పుడు ధైర్యం. మన రక్తంలో ఎర్ర రంగునిచ్చే హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ దానికి ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. కొంచెం కొంచెం పీల్చినా పేరుకుపోతుంది. పట్టు పురుగును పక్కనుంచి చూడండి, ఒక్కో వైపు తొమ్మిది నల్ల చుక్కలుంటాయి. అవే దాని ముక్కులు. వాటి నుంచి సన్నని గొట్టాల్లో గాలి నేరుగా ఒంట్లోకి పోతుంది. దాని రక్తంలో హిమోగ్లోబిన్ లేదు. కాబట్టి మనిషిని పడేసేంత కార్బన్ మోనాక్సైడ్ ఉన్న గదిలోనూ పురుగు మామూలుగా ఆకు కొరుకుతూనే ఉంటుంది. తెల్లారి చూస్తే తట్టల్లో పురుగులు బాగానే ఉంటాయి, పక్కన పడుకున్న మనిషే లేవడు.

అయిదో దశలో షెడ్డులోనే పడుకునే ఇళ్ళు మన దగ్గర తక్కువేమీ కాదు. అర్ధరాత్రి ఆకు వేయాలి, చీమలు, ఎలుకలు రాకుండా చూడాలి, చంద్రికలకు ఎక్కించే రోజయితే నిద్రే ఉండదు. పిల్లల్ని కూడా అక్కడే పడుకోబెట్టుకుంటారు. ఆ షెడ్డు ఎలా ఉంటుంది? ఊజి ఈగ 1980లో కర్ణాటకలోకి దిగినప్పటి నుంచి కిటికీకి, తలుపుకు నైలాన్ వల తప్పనిసరి అయింది. ఆ వల మీద దుమ్ము పేరుకుంటుంది. దాని మీద చలికి గోనెపట్టాలు, ప్లాస్టిక్ పట్టలు కడతాం. రోగనిరోధక మందు కొట్టడానికి మూసిన సందులు తెరవకుండా అలాగే వదిలేసేవాళ్ళూ ఉన్నారు. అంటే చలికాలంలో మన షెడ్డు మూతపెట్టిన డబ్బా. అందులో మంట పెడుతున్నాం.

2020 జనవరిలో కేరళ నుంచి నేపాల్ పోయిన యాత్రికులు దామన్ అనే చలి ఊళ్ళో ఒక గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని, తలుపులు, కిటికీలు వేసుకుని పడుకున్నారు. ఆ గదిలోని 8 మందీ పోయారు, అందులో నలుగురు పిల్లలు. దెబ్బ లేదు, మంట అంటుకోలేదు. స్నానాల గదిలో గ్యాస్ గీజర్ వేసుకుని పడిపోయినవాళ్ళ గురించి మన దేశపు డాక్టర్లు ఎన్నో కేసులు రాశారు, దానికి "గ్యాస్ గీజర్ సిండ్రోమ్" అని పేరే పెట్టారు. మనకు ఇదీ సంబంధం లేనిది కాదు. పురుగుల దగ్గరికి పోయే ముందు స్నానం చేయాలి, చేతులు కడగాలి అంటాం కదా, ఆ వేణ్ణీళ్ళ కోసమే ఇళ్ళల్లో గ్యాస్ గీజర్లు వస్తున్నాయి.

లెక్క చూస్తే భయం ఎందుకో అర్థమవుతుంది. నిమిషానికి 6 లీటర్లు ఇచ్చే చిన్న గీజర్ గంటకు సుమారు ఒక కిలో గ్యాస్ కాలుస్తుంది. ఒక కిలో గ్యాస్ సరిగ్గా కాలడానికి 12, 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. 4 అడుగులు, 6 అడుగులు ఉండి 8 అడుగుల ఎత్తున్న స్నానాల గదిలో ఉండేదే దాదాపు 5 ఘనపు మీటర్లు. తలుపు వేసుకుని పావుగంట స్నానం చేస్తే ఆ గాలి ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి. గాలి తగ్గేకొద్దీ మంట పాడవుతుంది, మంట పాడయ్యేకొద్దీ విషం పెరుగుతుంది.

అందుకని గీజర్ స్నానాల గది లోపల ఉండకూడదు, అంతే. ఇందులో బేరం లేదు. జాలీ ఉంది, కిటికీ ఉంది అన్న సాకులూ వద్దు. మార్కెట్‌లో ఎక్కువగా దొరికే చిన్న గీజర్లకు పొగ గొట్టమే ఉండదు, కాలిన గ్యాసంతా మన ముఖం ముందే వదులుతాయి. వాటిని బయటి గోడకు, మూడు వైపులా గాలి ఆడే చోట, వాన పడకుండా రేకు కింద పెట్టండి. వేణ్ణీళ్ళ పైపు మాత్రం గోడ గుండా లోపలికి రావాలి. వంటిల్లు, పడకగది కిటికీల కింద వద్దు. రేకు కప్పమన్నాను గానీ చుట్టూ పెట్టెలా మూయమనలేదు. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15558 అన్న నంబరు చూసుకోండి. సిలిండర్ నిలబెట్టే ఉంచాలి, గుంతలో కానీ మెట్ల కింద కానీ పెట్టకూడదు. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకయితే నేల మీద నీళ్ళలా పారి పల్లంలో నిలుస్తుంది.

ఇక షెడ్డు. కోళ్ళ ఫారాల్లో వాడే గ్యాస్ బ్రూడర్‌ను తెచ్చి తట్టల మధ్య వేలాడదీస్తే సరిపోతుందని కొందరి ఆలోచన. ప్రాణభయం పక్కన పెట్టినా పంటకు కూడా అది మంచిది కాదు. ఒక కిలో వంటగ్యాస్ కాలితే సుమారు 1.6 లీటర్ల నీళ్ళు ఆవిరిగా బయటికి వస్తాయి. 19 కిలోల సిలిండర్ ఖాళీ అయ్యేసరికి షెడ్డులోకి 30 లీటర్ల నీళ్ళు చల్లినట్టే. చాకీలో తేమ 85, 90 శాతం కావాలి కాబట్టి అప్పుడు తెలియదు. నాలుగో దశ దాటాక 70, 75 చాలు. అప్పుడు ఈ ఆవిరి తోడైతే పడక ఆరదు, చల్లటి రేకుకు తగిలి చుక్కలుగా కారుతుంది, సున్నపుకట్టు రోగానికి మనమే పీట వేసినట్టు.

దీనికి మన తెలుగు నేల మీదే ఒక మంచి దారి ఉంది. ప్రకాశం జిల్లా వైపు వర్జీనియా పొగాకు బ్యారన్లు చూసినవాళ్ళకు తెలుసు. పొయ్యి నోరు బయట ఉంటుంది. పొగ పెద్ద రేకు గొట్టాల్లో లోపల తిరిగి, వేడి వదిలి, మళ్ళీ బయటికే పోతుంది. పొగ ఆకును తాకదు. మన షెడ్డుకూ అదే పద్ధతి. మంట బయట, వేడి లోపల. గ్యాస్ అయినా కట్టె అయినా పొయ్యిని షెడ్డు బయట చిన్న చావడిలో పెట్టి, వేణ్ణీళ్ళను ఇనుప పైపుల్లో గోడ వెంట తిప్పడం అన్నిటికంటే మేలు. ఖర్చు ఎక్కువే, నేను కాదనను. కానీ వేడి ఒకేలా ఉంటుంది, లోపల మంట ఉండదు. నీళ్ళు కాగే తొట్టిని గట్టిగా మూసేసి ఆవిరి పట్టి ఉంచకండి, పైన తెరిచిన గొట్టం ఉండాలి. లేకుంటే అది పేలుతుంది.

జపాన్ పట్టు రైతులు కూడా ఇదే చిక్కులో పడి బయటపడ్డారు. తాజిమా యాహెయ్ అనే ఆయన 1863లో కట్టిన ఇంటి కప్పు మీద గాలి పోవడానికి ప్రత్యేకంగా లేపిన కిటికీలున్నాయి. తర్వాత 1880ల్లో తకయామా చొగొరో వేడినీ గాలినీ కలిపి నడిపే పద్ధతి నేర్పాడు. ఈ రెండు చోట్లూ 2014 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. పురుగుకు వేడి ఇవ్వాలంటే గాలి ఆపాలి అని వాళ్ళు అనుకోలేదు.

పొగ గొట్టం వేయించేటప్పుడు వెల్డరు దగ్గర నిలబడి చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. గొట్టం జీఐ రేకుదో, స్టీలుదో కావాలి. పీవీసీ పైపు వేసేవాళ్ళున్నారు, అది వేడికి మెత్తబడి కూలుతుంది, దయచేసి ఒప్పుకోవద్దు. పొయ్యి నుంచి ముందు నిట్టనిలువుగా లేవాలి, వంపులు తక్కువ ఉండాలి. అడ్డంగా పోయే చోట కూడా పైకే వాలు ఉండాలి, కిందికి వంగితే పొగ వెనక్కి తిరుగుతుంది. చివర చూరు కింద వదలకుండా కప్పు మీదికి దాటించి పైన టోపీ పెట్టించాలి. రెండు పొయ్యిలకు ఒకే గొట్టం వద్దు. అన్నిటికంటే మరిచిపోయేది ఎగ్జాస్ట్ ఫ్యాను. షెడ్డులోనో స్నానాల గదిలోనో ఫ్యాను గాలిని బయటికి లాగుతుంటే, లోపలికి గాలి రావడానికి వేరే దారి లేకపోతే, పొగ గొట్టం నుంచే వెనక్కి లాగుతుంది. పరీక్ష సులువు. పొయ్యి వెలిగించి, తలుపులు వేసి, ఫ్యాను తిప్పి, గొట్టం మొదట్లో ఊదుబత్తి పట్టుకోండి. పొగ లోపలికి పోవాలి. మీ ముఖం మీదికి వస్తే ఆ పొయ్యి ఆపేయండి.

గాలి దారులు వలతోనే పెట్టుకోండి, ఊజి భయం వద్దు. నేల దగ్గర ఒకటి, కప్పు దగ్గర ఒకటి, జానెడు చదరం. వల దుమ్ము పట్టి మూసుకుపోతుంది కాబట్టి కన్నం ఇంకొంచెం పెద్దదే మేలు, పంట పంటకూ కడగాలి. సున్నం దుమ్ము బర్నర్ రంధ్రాల్లో చేరినా మంట పచ్చబడుతుంది. నీలం మంట పచ్చగా మారిందంటే దాన్ని శుభ్రం చేసేదాకా వాడొద్దు. బ్లీచింగ్ పౌడరు కొట్టేటప్పుడు హీటర్ ఆపి బయట పెట్టండి, ఆ ఘాటు ఇనుమును తినేస్తుంది. ఇంటి ఎర్ర సిలిండర్‌ను షెడ్డుకు వాడటం చట్టానికి విరుద్ధం, 19 కిలోలది తీసుకోండి.

షెడ్డులో పడుకునేవాళ్ళు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనుక్కోండి, బ్యాటరీది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. గ్యాస్ లీకు అలారం వేరు, ఇది వేరు. పెట్టె మీద పేరు చదివి కొనండి, తల ఎత్తులో తగిలించండి.

ఎవరికైనా షెడ్డులో తల నొప్పి, తిప్పడం, వాంతి వచ్చినట్టు ఉండి, బయటికి వస్తే తగ్గిందంటే అనుమానించండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి అలా ఉంటే ఇంక ఆలోచించవద్దు. పడిపోయి ఉంటే ముందు తలుపులు తీసి, మనిషిని బయట గాలికి ఈడ్చి, పొయ్యి ఆపి, 108కి ఫోన్ చేయండి. గాలి సోకిందని మంత్రాలకు, నీళ్ళు చల్లడానికి సమయం పోగొట్టవద్దు. కరోనా రోజుల్లో కొన్న వేలి ఆక్సిమీటర్ పెట్టి 98 చూపిస్తోందని వదిలేయవద్దు. ఆ యంత్రం ఈ విషాన్ని కూడా ప్రాణవాయువుగానే లెక్క వేస్తుంది. మామూలు గాలిలో ఈ విషం సగానికి దిగాలంటే 4, 5 గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. ఆస్పత్రికి పోగానే "మూసిన గదిలో గ్యాస్ మంట దగ్గర ఉన్నాడు" అని డాక్టరుకు ముందే చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే వాళ్ళు గుండెపోటో, మూర్ఛో అనుకుని ఆ వైద్యమే మొదలుపెడతారు.