పత్తి ఇక్కడ.. మగ్గం ఎక్కడో! చరిత్రలో కలిసిన ఆజంజాహి మిల్లు

వరంగల్‌: నగరంలో మిల్స్‌కాలనీ పోలీస్‌స్టేషన్‌ ఉంది. మిల్లు మాత్రం లేదు. సుమారు 200 ఎకరాల ఆవరణలో విస్తరించి, వేలాది కుటుంబాలకు అన్నం పెట్టిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. ఆ తర్వాత భవనాలూ నేలమట్టమయ్యాయి. పత్తి పండే గడ్డపై పత్తి మిల్లే ఎందుకు నిలవలేకపోయిందన్న ప్రశ్న మాత్రం మిగిలింది.

నిజాం హయాంలో..

ఏడవ నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీ ఖాన్‌ పాలనలో 1934లో ఈ మిల్లు వెలిసింది. ఆయన పెద్ద కుమారుడు ఆజం జా పేరే దీనికి పెట్టారు. ఓరుగల్లును ఎంచుకోవడం యాదృచ్ఛికమేమీ కాదు. చుట్టూ నల్లరేగడి నేలల్లో పత్తి, సరకు రవాణాకు రైలుమార్గం, కొత్తవాడ వంటి పేటల్లో తరతరాలుగా నేత తెలిసిన చేతులు.. మూడూ ఒక్కచోట లభించాయి.

ఇది కాంపోజిట్‌ మిల్లు. అంటే ఒకవైపు పత్తి బేళ్లు లోపలికి వెళితే మరోవైపు వస్త్రం బయటకు వస్తుంది. బ్లోరూంలో పత్తిని విప్పి చెత్త తొలగిస్తారు. కార్డింగ్‌లో పోగులను దువ్వుతారు. స్పిన్నింగ్‌లో నూలు వడికి, సైజింగ్‌లో గంజి పట్టించి మగ్గాలకు ఎక్కిస్తారు. అన్ని దశలూ ఒకే కప్పు కింద ఉండటం ఇలాంటి మిల్లుల బలం. ఏ ఒక్క విభాగంలో యంత్రాలు పాతబడినా మొత్తం ఉత్పత్తి కుంటుపడటం వాటి బలహీనత.

గుడ్డ కన్నా నేలకే విలువ

దేశవ్యాప్తంగా ఖాయిలాపడిన మిల్లులను కేంద్రం 1974లో చట్టం ద్వారా జాతీయం చేసింది. అలా ఆజంజాహి జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చింది. కొలువులు అప్పటికి నిలిచాయి. అయితే చౌకగా నేసే మరమగ్గాలతో, కృత్రిమ నూలుతో పోటీపడేందుకు కావలసిన ఆధునికీకరణ ఇలాంటి మిల్లుల్లో సకాలంలో జరగలేదు. నష్టాల్లో మునిగిన ఆ సంస్థ అనుబంధ కంపెనీలు 1990వ దశకంలో బీఐఎఫ్‌ఆర్‌ గడప తొక్కాయి. గిట్టుబాటు కాని మిల్లులను మూసివేయాలి, వాటి ఆస్తులు అమ్మగా వచ్చిన సొమ్ముతో మిగిలినవాటిని నిలబెట్టాలి.. చివరకు ఖరారైన పథకం సారాంశమిదే. ఓరుగల్లు మిల్లు మొదటి జాబితాలో చేరింది. కార్మికులు స్వచ్ఛంద పదవీ విరమణ పేరిట ఇళ్లకు చేరారు. పేరుకే అది స్వచ్ఛందం. మిల్లు భూములు ప్లాట్లుగా మారాయి. ఇళ్ల స్థలాల కోసం కార్మికులు ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది.

వలస బాట

ఇక్కడి నేతన్నలు పొట్ట చేతపట్టుకొని సూరత్‌, భివండీ, షోలాపూర్‌ తరలివెళ్లారు. ఇక్కడి పత్తి ఎనుమాముల మార్కెట్‌ నుంచి బయటకు పోతుంటే, దాన్ని నేయగల చేతులూ బయటకే పోయాయన్న మాట.

ఆ వలసను వెనక్కి మళ్లించే లక్ష్యంతో 2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం మండలాల పరిధిలో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. 2023లో కేంద్రం పీఎం మిత్ర పథకానికీ దీన్ని ఎంపిక చేసింది. అయితే అక్కడ ముందుగా ప్రారంభమైన పరిశ్రమల్లో ఒకటి వాడేసిన ప్లాస్టిక్‌ సీసాల నుంచి దారం తీసేది. ఆజంజాహి తరహాలో స్థానిక పత్తి స్థానికంగానే గుడ్డగా మారాలంటే వడుకు, నేత, అద్దకం యూనిట్లు అన్నీ అక్కడికి చేరాలి.