'జనరళ్ల తిరుగుబాటు'లో తిరుగుబాటు ఎంత?

2006 మార్చి, ఏప్రిల్ నెలల్లో అమెరికాలో ఆరుగురు విశ్రాంత జనరళ్లు ఒకరి తర్వాత ఒకరు నోరు విప్పి, రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ గద్దె దిగాలన్నారు. వారు ఆంథొనీ జిన్నీ, పాల్ ఈటన్, గ్రెగరీ న్యూబోల్డ్, జాన్ బటీస్ట్, జాన్ రిగ్స్, చార్లెస్ స్వానక్. అప్పటికి ఇరాక్ యుద్ధం మొదలై మూడేళ్లు. చాలినంత సైన్యం లేకుండా దండెత్తారని, బాగ్దాద్ పడ్డాక ఏం చేయాలో ఆలోచించలేదని, సైనికుల మాట చెవిన పెట్టలేదని వారి ఫిర్యాదు. పత్రికలు దీనికి 'జనరళ్ల తిరుగుబాటు' అని పేరు పెట్టాయి. పేరు అతుక్కుపోయింది. రిటైరైన సైనికాధికారి ప్రభుత్వాన్ని విమర్శించినప్పుడల్లా ఈ ఉదంతాన్ని గుర్తుచేస్తారు. దాంతోపాటే దాని చుట్టూ అల్లుకున్న అపోహలూ మళ్లీ పైకొస్తాయి.

మొదటి అపోహ ఆ పేరులోనే ఉంది. తిరగబడాలంటే కింద సైన్యమైనా ఉండాలి, ధిక్కరించడానికి ఒక ఆజ్ఞయినా ఉండాలి. ఈ ఆరుగురికీ రెండూ లేవు. అసలైన ధిక్కారం ఎలా ఉంటుందో తెలియాలంటే 1951కి వెళ్లాలి. కొరియాలో సేనలను నడిపిస్తూనే డగ్లస్ మెకార్థర్ అధ్యక్షుడు ట్రూమన్ విధానాన్ని తప్పుబడుతూ ప్రతినిధుల సభలోని ప్రతిపక్ష నాయకుడికి ఉత్తరం రాశాడు. ఏప్రిల్ 11న ట్రూమన్ ఆయన్ను తొలగించాడు. అక్కడ పౌర ప్రభుత్వ ఆధిక్యం నిజంగానే ప్రశ్నార్థకమైంది. 2006లో కాలేదు. అలాగని, పదవీ విరమణ చేశాక ఏమైనా అనొచ్చన్న వాదనా సరికాదు. పింఛను తీసుకుంటున్న రెగ్యులర్ అధికారులు అమెరికాలో సైనిక చట్టం పరిధిలోనే ఉంటారు. ఆ చట్టంలోని 88వ అధికరణం అధ్యక్షుడినీ రక్షణ మంత్రినీ తూలనాడటాన్ని నేరంగా చెబుతుంది. కానీ తూలనాడటం వేరు, యుద్ధ ప్రణాళిక తప్పని చెప్పడం వేరు. ఆ ఆరుగురిలో ఎవరూ కోర్టు మార్షల్ గడప తొక్కలేదు.

రెండోది ఇంకా మొండి అపోహ: నిజం చెప్పినందుకు సైన్యాధిపతి ఎరిక్ షిన్‌సెకీ ఉద్యోగం ఊడింది అనేది. యుద్ధానికి కొద్ది వారాల ముందు, 2003 ఫిబ్రవరి 25న, సెనేట్ కమిటీలో సెనేటర్ కార్ల్ లెవిన్ అడిగిన ప్రశ్నకు బదులిస్తూ, యుద్ధానంతర ఇరాక్‌ను నిలబెట్టడానికి కొన్ని లక్షల మంది సైనికులు కావాలని షిన్‌సెకీ చెప్పాడు. రెండు రోజులకే ఉప రక్షణ మంత్రి పాల్ వుల్ఫోవిట్జ్ ఆ అంచనాను బాహాటంగా కొట్టిపారేశాడు. అవమానం జరిగిన మాట నిజం, తొలగించిన మాట మాత్రం అబద్ధం. నాలుగేళ్ల పదవీకాలం పూర్తిచేసుకునే ఆయన 2003 జూన్‌లో దిగిపోయాడు. పైగా జాక్ కీన్‌ను వారసుడిగా ఎంచుకున్నారన్న వార్త 2002 ఏప్రిల్‌లోనే, అంటే సెనేట్ వాంగ్మూలానికి పది నెలల ముందే, పత్రికలకెక్కింది. పదవిలో ఉండగానే సైన్యాధిపతిని డమ్మీ చేయడం తక్కువ తప్పేమీ కాదు. కానీ అది వేరే తప్పు.

అన్నిటికన్నా పెద్ద అపోహ ఒకటుంది. సైనికులు సరిగ్గా చెప్పారట, మంత్రులు వినలేదట. ఈ మాటలో సగమే నిజం. 1999లో, జిన్నీ పశ్చిమాసియాను చూసే సెంట్రల్ కమాండ్ అధిపతిగా ఉన్నప్పుడు, 'డెజర్ట్ క్రాసింగ్' పేరుతో యుద్ధ విన్యాసం ఒకటి కాగితాలమీద జరిపారు. 4 లక్షల సైన్యం ఉంటుందనుకుని లెక్క వేసినా, ఇరాక్ అధ్యక్షుడు సద్దాం పోయాక ఆ దేశం కుదుటపడుతుందన్న భరోసా దొరకలేదు. 2003లో దండెత్తిన అమెరికా సేన అందులో సగం కూడా లేదు. కోత పెట్టమని రమ్స్‌ఫెల్డ్ పదేపదే ఒత్తిడి తెచ్చిన మాట వాస్తవమే. అయితే ఆ ప్రణాళికను గీసి, సరేనన్నది ఎవరు? సెంట్రల్ కమాండ్ పగ్గాలు పట్టిన టామీ ఫ్రాంక్స్, నాలుగు నక్షత్రాల జనరల్. త్రివిధ దళాధిపతుల సంఘానికి అధ్యక్షులైన రిచర్డ్ మైయర్స్, ఆయన తర్వాత పీటర్ పేస్ రమ్స్‌ఫెల్డ్‌ను వెనకేసుకొచ్చారు. వీళ్లూ యూనిఫాం తొడిగినవాళ్లే. 2007లో పాల్ యింగ్లింగ్ అనే లెఫ్టినెంట్ కల్నల్, సర్వీసులో ఉండగానే, ఇరాక్ వైఫల్యంలో జనరళ్ల వాటా ఎంతో ఎత్తిచూపుతూ వ్యాసం రాశాడు. కథ ఇంకో మలుపు తిరిగింది. 2006 చివర్లో మరింత సైన్యం పంపుదామా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, వద్దన్నది ఆ యుద్ధాన్ని నడిపిస్తున్న అబిజాయిద్, కేసీ వంటి కమాండర్లు, పంపుదామన్నది పౌరుడైన అధ్యక్షుడు బుష్. ఆయన్ను ఆ దారికి ఒప్పించినవారిలో ఒకడు రిటైరైన జాక్ కీన్, ఒకప్పుడు షిన్‌సెకీ వారసుడిగా రమ్స్‌ఫెల్డ్ ఎంచుకున్న అదే కీన్! భుజాన ఉన్న నక్షత్రాలను బట్టి ఎవరు ఒప్పో తేల్చేద్దామనుకునేవారికి ఈ ఉదంతం ఏ విధంగానూ సాయపడదు.

మరి పదవిలో ఉండగా నోరు మెదపనివాళ్లు పింఛను ఖాయమయ్యాక మాట్లాడటం పిరికితనం కాదా? ఈ ఆక్షేపణను తేలిగ్గా తోసేయలేం. త్రివిధ దళాల ఉమ్మడి కార్యాలయంలో ఆపరేషన్ల డైరెక్టర్‌గా పనిచేసిన న్యూబోల్డ్, అప్పుడే ఇంకా గట్టిగా అడ్డుపడనందుకు చింతిస్తున్నానని తానే రాసుకున్నాడు. కానీ ఈ ఆక్షేపణ అందరికీ వర్తించదు. న్యూబోల్డ్ యుద్ధం మొదలవకముందే వైదొలిగాడు. బటీస్ట్ మూడో నక్షత్రపు పదోన్నతి ఇస్తామన్నా వద్దనుకుని వచ్చేశాడు. సర్వీసులో ఉన్న అధికారి తన అభ్యంతరాన్ని మూసిన తలుపుల వెనక చెప్పాలి, ఆ తర్వాత ఆజ్ఞ పాటించాలి. ఆ కట్టుబాటే లేకపోతే పౌర ఆధిక్యమన్న మాటకే అర్థం ఉండదు. కాబట్టి లోపల ఏం జరిగిందో జనానికి తెలియాలంటే బయటికొచ్చినవాడే చెప్పాలి. దీనికి మూల్యం లేకపోలేదు: రేపు తన మీద పుస్తకం రాస్తాడేమోనన్న అనుమానం మొదలైతే, మంత్రి సమర్థుడిని వదిలి విధేయుడిని ఏరుకుంటాడు. అందుకే నేనొక గీత గీస్తాను. ప్రణాళికలో తాను కళ్లారా చూసిన లోపాన్ని విశ్రాంత అధికారి చెబితే అది సాక్ష్యం. ఫలానా మంత్రి దిగాలంటే అది రాజకీయం. పౌరుడిగా ఆ హక్కు ఆయనకూ ఉంది, అయితే అక్కడ ఆయన మాటకు మీ మాటకన్నా ఎక్కువ తూకం లేదు. సాక్షి ఎవరి పక్షమో కూడా అడగాలి. ప్రభుత్వ వాదాన్ని టీవీల్లో వినిపించడానికి పెంటగాన్ విశ్రాంత అధికారులనే చేరదీసిందనీ, వారిలో చాలామందికి రక్షణ కాంట్రాక్టులతో సంబంధాలున్నాయనీ 2008 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. విమర్శించిన ఆరుగురి మీద జరిగినంత చర్చ, పొగిడిన ఆ గుంపు మీద జరగలేదు.

చివరి అపోహ: జనరళ్ల దెబ్బకే రమ్స్‌ఫెల్డ్ పదవి పోయిందని. ఆయన నిష్క్రమణ ప్రకటన వచ్చింది 2006 నవంబరు 8న, మధ్యంతర ఎన్నికల్లో బుష్ పార్టీ ఓడిన మర్నాడు. ఆ వసంతంలోనే ఆయన్ను మార్చే ఆలోచన ఉండేదని, అయితే రిటైరైన అధికారుల ఒత్తిడికి లొంగి పౌర మంత్రిని పంపేశారన్న పేరు రాకూడదని ఆగానని బుష్ తన జ్ఞాపకాల పుస్తకంలో రాశాడు. అంటే, దిగమని వాళ్లు గొంతెత్తినందుకే రమ్స్‌ఫెల్డ్ మరో ఆరు నెలలకు పైగా ఆ కుర్చీలో ఉన్నాడు.